పడుకోవడానికేగా అనుకున్న గది

“రాత్రికి నడుం వాల్చడానికేగా, గదికి అంత డబ్బు దేనికి?” అనే మాట మా ఇంట్లో చాలాకాలం తిరుగులేకుండా చెల్లింది. ఆ మాటను నమ్ముకునే 2018 జూలైలో మా అమ్మానాన్నలను, అయిదేళ్ళ మా అబ్బాయిని వెంటబెట్టుకుని, అట్లాంటా శివారులోని మా ఇంటి నుంచి ఏడు గంటలు కారులో ప్రయాణించి ఫ్లోరిడాలోని ఓర్లాండోకు వెళ్ళాము. రహదారి పక్కన చవకగా దొరికిన ఒక హోటల్లో దిగి, నాలుగు రోజుల్లో వాల్ట్ డిస్నీ వరల్డ్ అనే పెద్ద వినోద ఆవరణలోని నాలుగు పార్కులూ చూసి వచ్చాము. ఆరేళ్ళ తరువాత, 2024 నవంబరులో, అదే అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో మళ్ళీ అక్కడికే వెళ్ళి, ఈసారి ఆ ఆవరణ లోపలే ఉన్న యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో అయిదు రాత్రులు ఉన్నాము. పార్కులకు వెళ్ళింది రెండు రోజులే. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్న మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఒకటి ఉంది. పెద్దవాళ్ళనూ చిన్నపిల్లలనూ కలిపి తీసుకువెళ్ళే కుటుంబానికి ఇలాంటి చోట బస చేయడమే అసలు ప్రయాణం, పార్కులు దానికి అనుబంధం. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళం చాలామందిమి దీన్ని తలకిందులుగా చేస్తున్నాము.

మన మధ్య ఇలాంటి ప్రయాణాల మాట వచ్చినప్పుడు తప్పకుండా వినబడే క్రియ “కవర్ చేయడం”. మూడు రోజుల్లో న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా కవర్ చేశామంటాము, నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు కవర్ చేశామంటాము. ఇండియా నుంచి చూడవచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ సాధారణంగా ఆరు నెలల వరకే ఉండే అనుమతి దొరుకుతుంది. ఆ ఆరు నెలల్లో ఎక్కువ రోజులు, మనం ఉద్యోగాలకూ పిల్లలు బడికీ వెళ్ళిపోయాక, కారు లేనిదే వీధి దాటలేని చోట, తలుపులు మూసిన ఇంట్లో వాళ్ళు ఒంటరిగా గడుపుతారు. ఆ లోటు తీర్చాలన్న ఆరాటంతోనే మనం సెలవు దొరికిన నాలుగు రోజుల్లో చూపించగలిగినంతా చూపించాలని పరుగెత్తుతాము. ఆ ఆరాటం ప్రేమ నుంచే పుడుతుందని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే ఉండేది. అయితే ఆ ఆరు నెలల్లో వాళ్ళు ఎదురుచూసేది చూడవలసిన వింతల కోసం కాదు, మనం గడియారం చూసుకోకుండా పక్కన కూర్చునే పొద్దు కోసం. నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు అన్న లెక్క సరిగ్గా ఆ పొద్దునే మింగేస్తుంది.

2018లో జరిగింది అదే. ఆ ఏడాది జూన్ 30న హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో టాయ్ స్టోరీ లాండ్ అనే కొత్త భాగాన్ని తెరిచారు, పైగా బడులకు సెలవులు, కనుక జనం విపరీతంగా ఉన్నారు. మేము రోజూ ఆరింటికే అందరినీ లేపి, హోటల్లో ఇచ్చిన చల్లని రొట్టెముక్కలు తినిపించి, ఎనిమిది కాకముందే కారెక్కించేవాళ్ళం. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఒక పద్ధతిగా నడుస్తాయి: పన్నెండింటికి ఒళ్ళు కాలిపోయే ఎండ, మూడింటికి ఉరుములతో వాన. మెరుపులు దగ్గరపడితే ఆరుబయట రైడ్లన్నీ ఆపేస్తారు, జనమంతా చూరుల కిందికి చేరతారు. ఆ వేళకు గదికి వెళ్ళి ఒక గంట పడుకుని వస్తే అమ్మకు ప్రాణం లేచివచ్చేది, కాని గదికి వెళ్ళి రావడానికే రెండున్నర గంటలు పడుతుందని లెక్కవేసుకుని మానేశాము. మూడో రోజు అమ్మ ఒక బెంచీ చూసుకుని, “మీరు తిరిగి రండమ్మా, నేనిక్కడ కూర్చుంటాను” అంది. మేము రెండు గంటల తరువాత వచ్చేసరికి అదే బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. బాత్రూముకు వెళితే ఆ సమయానికి మేము వచ్చి వెతుక్కుంటామేమోనని లేవలేదట. ఆ మాట ఆమె నాకు చెప్పింది ఇండియా తిరిగి వెళ్ళాక, ఫోనులో, మరేదో సందర్భంలో.

బయటి హోటల్లో దిగడానికీ లోపల దిగడానికీ తేడా కేవలం దూరంలో ఉందని అప్పట్లో అనుకునేదాన్ని. నిజానికి తేడా దారిలో ఉంది. మ్యాజిక్ కింగ్‌డమ్ అనే మొదటి పార్కుకు సొంత కారులో వచ్చేవాళ్ళు పార్కు ద్వారం దాకా రాలేరు. సరస్సుకు ఈ ఒడ్డున ఉన్న పెద్ద మైదానంలో కారు నిలిపి, అక్కడి నుంచి కూడలి దాకా చేరి, అక్కడ మోనోరైలు గాని పడవ గాని ఎక్కి ఆ ఒడ్డుకు చేరుకోవాలి. సరస్సు మీదుగా పార్కులోని కోట దగ్గరపడుతూ కనబడాలన్నది 1971లో దాన్ని కట్టినవాళ్ళ ఆలోచన, కాళ్ళు బాగున్నవాళ్ళకు అది నిజంగా అందమైన రాకే. రాత్రి బాణసంచా అయిపోయాక వేలమందితో కలిసి అదే దారిన వెనక్కి రావడం మాత్రం మోకాళ్ళ నొప్పులున్న మనిషికి వేరే సంగతి. లోపలి హోటళ్ళ బస్సులు ఆ సరస్సు దాటవలసిన పని లేకుండా పార్కు ద్వారం పక్కనే దింపుతాయి. గది అద్దెలో మనం కొనుక్కుంటున్నవాటిలో ఇదొకటి అని హోటల్ ధరలు పోల్చి చూసేటప్పుడు ఏ వెబ్‌సైటూ మనకు చెప్పదు.

అసలు ఈ చోటును బస చేయడం కోసమే తలపెట్టారన్న సంగతి దాని చరిత్ర చదివాక నాకు అర్థమైంది. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు వాల్ట్ డిస్నీ చేతిలో ఉన్నది నారింజ తోటలు తీసేసి చదును చేసిన 160 ఎకరాలు. హోటల్ కట్టడానికి ఆయన దగ్గర డబ్బు మిగలలేదు, ఆ పని జాక్ రాథర్ అనే మరో వ్యాపారి చేశారు. కొద్ది సంవత్సరాల్లోనే పార్కు చుట్టూ ఇతరుల మోటళ్ళు గోడకు గోడ ఆనించి వెలిశాయి. ఆ అనుభవం వల్లనే ఫ్లోరిడాలో 1964, 1965 సంవత్సరాల్లో వేర్వేరు కంపెనీల పేర్లతో, కొంటున్నది ఎవరో తెలియనివ్వకుండా, 27,000 ఎకరాలకు పైగా భూమి కొన్నారు. అంటే వంద చదరపు కిలోమీటర్లకు మించిన నేల, మన విజయవాడ నగరపాలక సంస్థ పరిధి కంటే పెద్దది. వాల్ట్ 1966 డిసెంబరు 15న చనిపోయారు. అన్న రాయ్ డిస్నీ పదవీ విరమణను వాయిదా వేసుకుని పని పూర్తి చేయించి, 1971 అక్టోబరు 1న తెరిపించి, అదే డిసెంబరులో తానూ కన్నుమూశారు.

తెరిచిన నాడు అక్కడ ఉన్నవి ఒకే ఒక పార్కు, కంటెంపరరీ, పాలినేషియన్ అనే రెండు హోటళ్ళు. మరుసటి నెలలో అడవిలో గుడారాలు వేసుకునే ఫోర్ట్ విల్డర్‌నెస్ వచ్చింది. రెండో పెద్ద పార్కు ఎప్‌కాట్ 1982లో గాని రాలేదు. అంటే మొదటి పదకొండేళ్ళ పాటు అక్కడికి వారం రోజులకని వెళ్ళిన కుటుంబం ఒకటి రెండు రోజులు పార్కులో గడిపి, మిగతా రోజులు సరస్సులో పడవల మీద, ఇసుక ఒడ్డున, ఈతకొలనులో, చెట్ల కింద గడిపేది. హాలీవుడ్ స్టూడియోస్ 1989లో, యానిమల్ కింగ్‌డమ్ 1998లో వచ్చి చేరాక, నాలుగు పార్కులకు నాలుగు రోజులు అన్న లెక్క పుట్టింది. మనం అనాదిగా ఉన్నదనుకుని పాటిస్తున్న ఈ లెక్క వయసు ముప్పై ఏళ్ళు కూడా లేదు.

కంటెంపరరీ హోటల్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తుంది. దాని ఉక్కు చట్రాన్ని ముందు నిలబెట్టి, గదులను మరోచోట పూర్తిగా తయారుచేసి, సొరుగులను బీరువాలో పెట్టినట్టు క్రేన్లతో ఎత్తి అందులో అమర్చారు. మోనోరైలు ఆ భవనం కడుపులోంచి దూసుకుపోతుంది. మా అబ్బాయికి రెండు ప్రయాణాల్లోనూ అన్నిటికంటే నచ్చింది ఏదో రైడు కాదు, రైలు హోటల్లోకి వెళ్ళడం.

మేము ఉన్న లాడ్జ్ 2001 ఏప్రిల్‌లో తెరిచారు. దాని వాస్తుశిల్పి పీటర్ డొమినిక్. దక్షిణ ఆఫ్రికా పల్లెల్లో మధ్యన పశువుల దొడ్డి, దాని చుట్టూ వలయంగా ఇళ్ళు ఉండే పద్ధతిని తీసుకుని, వంపు తిరిగిన పొడవైన భవనాన్ని కట్టి, ఆ వంపు లోపల గడ్డిమైదానాలు పెంచి, వాటిలో జిరాఫీలను, జీబ్రాలను, నిప్పుకోళ్ళను, రకరకాల జింకలను వదిలారు. ముప్పైకి పైగా జాతులు, రెండు వందలకు పైగా జంతువులు అక్కడ ఉంటాయి. గది వెనక తలుపు తీసి వసారాలోకి వస్తే కింద అవి మేస్తూ కనబడతాయి. మొదటి రోజు తెల్లవారుజామున నేను లేచేసరికి నాన్న అప్పటికే వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన చూస్తున్నది జిరాఫీలను కాదు. వాటి అవతల, పొగమంచులో, బారెడేసి కొమ్ములతో నిలబడిన ఎర్రటి పశువులను.

ఆ పశువుల పేరు అంకోలే. తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా ఉగాండా పడమటి ప్రాంతంలో పెంచే జాతి. ఆ పేరు చదివి వినిపించగానే నాన్న నావైపు తిరిగి, “ఏమన్నావ్ తల్లీ, ఒంగోలా?” అన్నారు. మాది అద్దంకి దగ్గర, గుండ్లకమ్మ పరివాహక ప్రాంతంలోని పల్లె. ఒంగోలు గిత్తల పుట్టిల్లు అదే. ఇక ఆ ఉదయం కాఫీ చల్లారిపోయేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. ఈ గొడ్డు మూపురం మనవాటిలా వీపు మీదికి పెరగలేదనీ, మెడ దగ్గరే చిన్నగా ఆగిపోయిందనీ, గంగడోలు కూడా మనవాటికి ఉన్నంత వేలాడడం లేదనీ, నడక మాత్రం దొరతనంగా ఉందనీ చెప్పారు. అంత పెద్ద కొమ్ములు బరువు కాదా అని మా అమ్మాయి అడిగితే, లోపల బోలుగా ఉంటాయనీ, వాటిలో రక్తం పారడం వల్ల ఒంటి వేడి బయటికి పోతుందనీ అక్కడ పనిచేసే ఒకాయన వివరించారు. అది నేను తెలుగులో చెబుతుంటే నాన్న తలాడిస్తూ విన్నారు. మన ఒంగోలు పశువులను ఓడల్లో బ్రెజిల్‌కు తీసుకువెళ్ళారనీ, అక్కడ అవి నెల్లూరు పేరు మీద నెలోర్ అనే జాతిగా స్థిరపడి ఇవాళ ఆ దేశపు పశుసంపదలో ప్రధానమైన భాగంగా ఉన్నాయనీ ఆయనకు ముందే తెలుసు. ఆ కథ పిల్లలకు చెప్పారు. చివరికి, ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక తన ఆఖరి జతను సంతలో అమ్మిన రోజు సంగతి కూడా చెప్పారు. పశువులను ఇచ్చేసి, పలుపుతాళ్ళు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారట. ఆ జతను నేను చూశాను, వాటికి గడ్డి వేశాను, కాని వాటిని అమ్మిన రోజున నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎప్పుడూ మా మధ్య మాటల్లోకి రాలేదు.

నా వాదన మొత్తం ఆ ఉదయం మీద నిలబడి ఉంది. డిస్నీ వాళ్ళు ఆ పశువులను మా నాన్న కోసం తెచ్చి పెట్టలేదు. కాని వాటి ముందు ఒక కుర్చీ వేశారు, ఆ కుర్చీలో ఎంతసేపైనా కూర్చోవడానికి మాకు వీలుండేది, ఎవరూ లేవమనలేదు, తరువాత ఎక్కవలసిన రైడుకు సమయం మించిపోలేదు. 2018లో కూడా మేము యానిమల్ కింగ్‌డమ్ పార్కులో సఫారీ బండి ఎక్కాము. అందులో ఒక జిరాఫీ ముందు బండి ఆగేది కొద్ది క్షణాలు. ఆ క్షణాల్లో ఎవరికైనా ఫోటో తీయడానికే సమయం ఉంటుంది, ఎద్దుల జత గుర్తుకు వచ్చే వ్యవధి ఉండదు.

అమ్మకు దొరికిన స్నేహం మరొక రకంది. ఆ లాడ్జ్‌లో దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు దేశాల నుంచి వచ్చిన యువతీయువకులు తమ నేల గురించి అతిథులతో మాట్లాడే ఉద్యోగాల్లో ఉంటారు. వాళ్ళలో బోట్స్వానా నుంచి వచ్చిన ఒక అమ్మాయి సాయంత్రం మంట దగ్గర పిల్లలకు కథ చెప్పాక, అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. నన్ను మధ్యవర్తిగా పెట్టుకుని వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి విషయం తిండి. వాళ్ళ దేశంలో రోజూ తినే బొగోబే అనేది జొన్నపిండితో కాచేదని తెలిసి అమ్మ ఆశ్చర్యపోయింది. ఎసట్లో పిండి ఎప్పుడు పోస్తారు, ఉండలు కట్టకుండా ఎలా కలుపుతారు, రాత్రి మిగిలింది పొద్దున మజ్జిగలో కలుపుకుంటారా అని వరసగా అడిగింది. తన చిన్నప్పటి జొన్న సంకటి గురించి ఆమె చెబుతుంటే ఆ అమ్మాయి నవ్వుతూ తన చేతుల్లో కర్ర తిప్పుతున్నట్టు చూపించింది. మరుసటి రోజు నుంచి ఆ అమ్మాయి ఎక్కడ కనబడినా అమ్మ ఆగి, “మీ అమ్మతో మాట్లాడావా?” అని తెలుగులోనే అడిగేది. దానికి ఆ అమ్మాయి తలూపేది.

ఇదంతా కృత్రిమమైన ఆఫ్రికా కాదా అని నా స్నేహితురాలు ఒకామె అడిగింది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఫ్లోరిడా చిత్తడినేల మీద సవన్నా గడ్డిని పెంచడం, గోడలకు మట్టి రంగు వేయడం, ఒక ఖండంలోని పదుల దేశాల కళలను ఒకే చావడిలో అమర్చడం నిజంగానే ప్రమాదమున్న పని. అది చూసిన పిల్లలు ఆఫ్రికా అంటే జంతువులూ ముసుగులూ మాత్రమే అనుకునే అవకాశం ఉంది. అయితే ఆ చావడిలో నైజీరియాకు చెందిన ఇగ్బో ప్రజల ఇజెలె అనే నిలువెత్తును మించిన ముసుగు ఉంది. దాని పక్కన అది ఎవరిది, ఎందుకు ధరిస్తారు అన్న వివరం ఉంది, అడిగితే చెప్పే మనుషులున్నారు. ఒక్క పూట చూసి వెళ్ళేవాడికి అది గోడ అలంకారం. అయిదు రోజులు దాని ముందు నుంచి నడిచిన మా అబ్బాయి మూడో రోజున ఇగ్బోలు ఎక్కడ ఉంటారని పటంలో వెతికాడు. కృత్రిమత్వం వల్ల కలిగే నష్టాన్ని తగ్గించేది కూడా నిదానమే అని నాకు అనిపించింది.

పార్కు టిక్కెట్టు లేని రోజుల్లో ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. మోనోరైలు, పడవలు, హోటళ్ళ మధ్య తిరిగే బస్సులు, 2019లో మొదలైన స్కైలైనర్ అనే తీగమార్గం, ఇవన్నీ ఎక్కడానికి పార్కు టిక్కెట్టు అక్కర్లేదు. ఒక మధ్యాహ్నమంతా అమ్మానాన్నలతో మోనోరైలు ఎక్కి ఒక్కొక్క హోటల్ దగ్గర దిగి, కాసేపు కూర్చుని, మళ్ళీ ఎక్కాము. స్కైలైనర్ డబ్బాలో అందరమూ ఎదురెదురుగా కూర్చుని నీళ్ళ మీదుగా పోతుంటే నాన్నకు గాలి తగిలి నిద్ర పట్టింది. ఒక రాత్రి పాలినేషియన్ ఒడ్డున ఇసుకలో కూర్చుని, సరస్సు మీద దీపాల బొమ్మలతో సాగే తెప్పల ఊరేగింపును చూశాము. 1971 నుంచి నడుస్తున్న ఆ ఊరేగింపుకు టిక్కెట్టు లేదు, వరస లేదు. అమ్మ దాన్ని చూసి తెప్పోత్సవం అంది. చిన్న సంగీతంతో, పెద్ద ఆర్భాటం లేకుండా సాగిపోయే ఆ తెప్పలు నాకు కోట మీద పేల్చే బాణసంచా కంటే ఎక్కువ నచ్చాయి.

ఇక డబ్బు మాట. ఈ లాడ్జ్ అక్కడి హోటళ్ళలో ఖరీదైన తరగతికి చెందినది. అయిదు రాత్రులకు మేము చెల్లించిన దానితో ఇద్దరికి హైదరాబాదు వెళ్ళివచ్చే విమానం టిక్కెట్లు వచ్చేవి. అందులో కొంత టిక్కెట్ల దగ్గర తిరిగి వచ్చింది. 1971లో లోపలికి వెళ్ళడానికి పెద్దవాళ్ళకు మూడున్నర డాలర్లు. మ్యాజిక్ కింగ్‌డమ్ ఒకరోజు టిక్కెట్టు 2015లో వంద డాలర్లు దాటింది, ఆ తరువాత ఇంకా పెరిగింది. పదేళ్ళు నిండిన పిల్లలకు పెద్దల ధరే. రైడ్లు ఎక్కని అమ్మానాన్నలకు 2018లో నాలుగేసి రోజుల టిక్కెట్లు కొన్న మేము ఈసారి ఒక్క రోజుకే కొన్నాము. అయినా మొత్తం ఖర్చు మొదటిసారి కంటే ఎక్కువే అయింది, దాన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. అంత పెట్టలేని కుటుంబాలకు ఆల్-స్టార్, పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ వంటి తక్కువ ధర హోటళ్ళు లోపలే ఉన్నాయి. బస్సుల సదుపాయం వాటికీ అంతే. బయట దిగినవాళ్ళు కూడా ముందుగా చెప్పుకుని, ఈ లాడ్జ్‌లోనే మరో భవనమైన కిడానీ విలేజ్‌లోని సనా అనే భోజనశాలకు వచ్చి, కిటికీ పక్కన జీబ్రాలు మేస్తుండగా భోంచేసి వెళ్ళవచ్చు. అక్కడ నాన్, కుల్చా వంటి రొట్టెలతో పాటు చింతపండు చట్నీ, మామిడి చట్నీ, పెరుగు పచ్చడి లాంటివి చిన్న చిన్న గిన్నెల్లో వరసగా పెట్టి ఇస్తారు. ఆవకాయ సీసా లేకుండా ప్రయాణం చేయని మా అమ్మ ఆ పూట సీసా మూత తీయలేదు.

వరసల విషయంలో నాకొక అభ్యంతరం ఉంది, అది లోపల బస చేసినంత మాత్రాన పోయేది కాదు. 1999లో మొదలుపెట్టిన ఫాస్ట్‌పాస్ పద్ధతిలో ముందుగా సమయం తీసుకుని తక్కువ నిరీక్షణతో రైడు ఎక్కడానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేకుండా ఉండేది. 2021 అక్టోబరు నుంచి ఆ వెసులుబాటును డబ్బుకు అమ్ముతున్నారు. 2024 జూలైలో దాని పేరూ పద్ధతీ మార్చి, లోపలి హోటళ్ళలో దిగినవాళ్ళు ఏడు రోజుల ముందు, మిగతావాళ్ళు మూడు రోజుల ముందు కొనుక్కోవచ్చన్నారు. తిరుమలలో మూడు వందల రూపాయల దర్శనం గురించి మన ఇళ్ళలో జరిగే చర్చ ఇక్కడా జరగవలసిందే. డబ్బున్నవాడి వరస వేగంగా కదిలితే లేనివాడి వరస ఆ మేరకు ఆగుతుంది. 2018లో ఒక వరసలో గంటకు పైగా నిలబడ్డాక నాన్న, “వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లో కూర్చోబెడతారు, అన్నం పెడతారు, అక్కడ పెద్దవాళ్ళకు ఓపిక పట్టడం తేలిక” అన్నారు. ఆయన ఫిర్యాదుగా అనలేదు, ఉన్న తేడా చెప్పారు. ఈసారి మేము ఆ డబ్బు కట్టలేదు. ఉదయం హోటల్ అతిథులకు అరగంట ముందుగా తెరిచే వేళకు నేనూ మా ఆయనా వంతులవారీగా పిల్లలను తీసుకువెళ్ళి, రెండు మూడు రైడ్లు ఎక్కించి, ఎండ ముదరకముందే వెనక్కి వచ్చాము.

మా అబ్బాయికి ఈ పద్ధతి పూర్తిగా నచ్చలేదన్న సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్ళవాడికి ఇంకా ఎక్కవలసినవి చాలా మిగిలిపోయాయి. వాడి స్నేహితులు చెప్పిన జాబితాలో సగం కూడా కాలేదు. వాడి బాధ న్యాయమైనదే. అందుకు నేను కనుక్కున్న మార్గం, పెద్దవాళ్ళు లేని మరో ప్రయాణంలో వాడిని పార్కుల కోసమే తీసుకువెళ్ళడం. అప్పుడు రహదారి పక్క హోటల్ అయినా సరిపోతుంది. మూడు తరాల కోరికలనూ ఒకే నాలుగు రోజుల్లో తీర్చాలనుకోవడం దగ్గరే మేము మొదటిసారి పొరబడ్డాము. అలా చేసినప్పుడు మౌనంగా సర్దుకునేది ఎప్పుడూ అమ్మమ్మలూ తాతయ్యలే, ఎందుకంటే వాళ్ళకు ఏం కావాలో మనం అడగము, అడిగినా వాళ్ళు చెప్పరు.

ఇండియాలో ఉన్నవాళ్ళకు కూడా ఈ మాట వర్తిస్తుందని నా నమ్మకం. హైదరాబాదు దగ్గర 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చే కుటుంబాలే ఎక్కువ. ఆ ఆవరణలోనే సితార, తార వంటి హోటళ్ళు ఉన్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఒక్క రాత్రి అక్కడ ఉండి, సందర్శకుల బస్సులు వెళ్ళిపోయాక ఆ తోటల్లో నిదానంగా నడిచే అవకాశం ఉంటుందేమో ముందుగా కనుక్కోవాలని నా సలహా. రద్దీ వేళలో పరుగున చూసిన చోటునే చల్లని పూట మళ్ళీ చూస్తే మనుషులకు మాటలు వస్తాయి.

వచ్చే ఏప్రిల్‌లో మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. అత్తగారు బయట వండినవి తినరు, ఏకాదశి నాడు అసలే తినరు, కనుక ఈసారి కిడానీ విలేజ్‌లో వంటగది ఉన్న బసకు నాలుగు రాత్రులకు మాట్లాడాము. చిన్న కుక్కర్, పోపుల డబ్బా, జొన్నపిండి కారులో సర్దుకుని వెళతాము. పార్కు టిక్కెట్లు ఇంకా కొనలేదు. మామగారికి ఏం చూడాలనుందో ఫోనులో అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి, వియ్యంకుడు చెప్పిన కొమ్ముల పశువులు వసారాలోంచే కనబడతాయా, లేక ఎక్కడికైనా నడవాలా అని అడిగారు. అవి కనబడే వైపే గది ఇప్పించమని రాసి పంపాను, జవాబు రావలసి ఉంది.